చిప్‌లో మెటల్ లైన్ అసలు ఎంత వేడెక్కింది? రెసిస్టెన్స్‌తోనే కొలిచే పద్ధతి

ఎలక్ట్రోమైగ్రేషన్ (కరెంటు ధాటికి లోహపు అణువులు కదిలి లైన్ పాడవడం) టెస్ట్ రిపోర్టు నా టేబుల్ మీదకి వస్తే ముందు గ్రాఫుల జోలికి వెళ్ళను. ‘టెస్ట్ టెంపరేచర్’ అన్న గడి ఎక్కడుందో చూస్తాను. అక్కడ 250 డిగ్రీలు అని ఉంటే, టెస్ట్ చేసినవాళ్ళని పిలిచి అడుగుతాను: ఇది ఓవెన్ టెంపరేచరా, లైన్ టెంపరేచరా? హైదరాబాద్‌లో నాతో పనిచేసే జూనియర్లకి ఈ ప్రశ్న కంఠతా వచ్చేసింది. అయినా అడగడం మానను. ఒక మైక్రాన్ వెడల్పున్న అల్యూమినియం గీతలోంచి పది, ఇరవై మిల్లీఆంపియర్లు పోతున్నప్పుడు ఆ గీత తనంతట తాను వేడెక్కుతుంది. ఓవెన్ తలుపు మీద వెలిగే అంకెలో ఆ వేడి లెక్కలోకి రాదు. జ్వరం ఉన్న మనిషిని వదిలేసి గది గోడకి థర్మామీటర్ పెట్టినట్టే అవుతుంది.

అదృష్టం ఏమిటంటే థర్మామీటర్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ లైనే థర్మామీటర్. మెటల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, అదీ చాలా వరకు సరళరేఖలో. ఎంత వేడికి ఎంత పెరుగుతుందో ముందుగా కొలిచి పెట్టుకుంటే, తర్వాత రెసిస్టెన్స్ చూసి టెంపరేచర్ చెప్పేయవచ్చు. చిప్ పరిశ్రమకి ప్రమాణాలు రాసే జెడెక్ వాళ్ళ జేఈఎస్‌డీ 33 స్టాండర్డ్ పూర్తిగా ఈ పని గురించే. దాన్ని చదవండి, తప్పకుండా చదవండి. ఇక్కడ నేను రాసేది ల్యాబ్‌లో కూర్చుని ఆ పనిని ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో.

ముందు కాగితం మీద

ఉదాహరణకి స్కైవాటర్ 130 నానోమీటర్ల ప్రాసెస్ తీసుకుంటాను. 2020లో గూగుల్‌తో కలిసి దాని పీడీకేని (డిజైన్‌కి కావాల్సిన ప్రాసెస్ వివరాల కిట్‌ని) అందరికీ తెరిచి పెట్టారు కాబట్టి లేయర్ల మందం, ఎత్తు, షీట్ రెసిస్టెన్స్ ఎవరైనా చూసుకోవచ్చు. మన కాలేజీల్లో వీఎల్‌ఎస్‌ఐ చదివే పిల్లలు కూడా ఎన్‌డీఏ (రహస్య ఒప్పందం) సంతకాల గొడవ లేకుండా దీని మీద లెక్కలు వేసుకోవచ్చు. ఇందులో అయిదు అల్యూమినియం లేయర్లు ఉంటాయి. అన్నిటికంటే కింద ఉన్న మెట్1 మందం 0.36 మైక్రాన్లు, సిలికాన్ నుంచి దాని అడుగుకి ఎత్తు దాదాపు 1.38 మైక్రాన్లు, షీట్ రెసిస్టెన్స్ స్క్వేర్‌కి 0.125 ఓమ్‌లు.

ఒక మైక్రాన్ వెడల్పు, 800 మైక్రాన్ల పొడవు ఉన్న లైన్ గీస్తే 800 స్క్వేర్లు (పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న ముక్క ఒక స్క్వేర్), అంటే 100 ఓమ్‌లు. గుండ్రటి అంకె, అందుకే ఈ కొలతలు ఎంచుకున్నాను.

ఇప్పుడు ఈ లైన్‌లో పుట్టిన వేడి ఎటు పోతుందో చూడాలి. పైన ఉన్నదంతా ఆక్సైడ్ (కరెంటు పారని సిలికాన్ ఆక్సైడ్), ఆ పైన పాసివేషన్ అనే రక్షణ పొర, ఆ పైన గాలో, ప్యాకేజీయో. అటు పెద్దగా పోదు. కింద సిలికాన్ ఉంది, అది వేడిని బాగా లాగేస్తుంది. కాబట్టి వేడి ఆ 1.38 మైక్రాన్ల ఆక్సైడ్ గుండా కిందికే దిగుతుంది. దిగేటప్పుడు కొంచెం పక్కలకి కూడా విస్తరిస్తుంది. ఆ విస్తరణని లెక్కలోకి తేవడానికి 1974లో బిలోట్టి ఇచ్చిన సులువైన సూత్రం ఉంది: లైన్ వెడల్పుకి ఆక్సైడ్ మందంలో 0.88 వంతు కలపండి, అదే వేడి దిగే వెడల్పు అనుకోండి. లైన్ వెడల్పు ఆక్సైడ్ మందంలో 0.4 వంతు కంటే ఎక్కువ ఉన్నంతవరకు ఇది పనికొస్తుంది. మన లైన్‌కి 1 కి 1.21 కలిపితే 2.21 మైక్రాన్లు.

ఆక్సైడ్ ఉష్ణవాహకత మీటర్‌కి, కెల్విన్‌కి 1.4 వాట్లు అని పుస్తకాల్లో ఉంటుంది. అది ఫర్నేస్‌లో పెంచిన ఆక్సైడ్‌కి. మెటల్ లేయర్ల మధ్య డిపాజిట్ చేసేది అంత మంచిది కాదు కాబట్టి నేను 1.2 వేసుకుంటాను. మందాన్ని వాహకత, పొడవు, ఆ 2.21 మైక్రాన్లు మూడిటి లబ్ధంతో భాగిస్తే వాట్‌కి 650 డిగ్రీలు వస్తుంది. ఇది లైన్ థర్మల్ రెసిస్టెన్స్.

ఇక కరెంటు స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్ వేసి 650తో గుణించండి. 1 మిల్లీఆంపియర్‌కి 0.065 డిగ్రీలు, అంటే లేనట్టే. 10 మిల్లీఆంపియర్లకి 6.5 డిగ్రీలు. 20కి 26 డిగ్రీలు. అయితే ఇక్కడ ఆగకూడదు. లైన్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, కరెంటు సోర్స్ అదే కరెంటు తోస్తుంది కాబట్టి పవర్ కూడా పెరుగుతుంది, దాంతో ఇంకాస్త వేడెక్కుతుంది. డిగ్రీకి 0.0035 వంతు రెసిస్టెన్స్ పెరుగుతుందనుకుంటే, 26ని, ఒకటిలోంచి 0.0035 రెట్లు 26 తీసేసిన విలువతో భాగించాలి. 28.6 డిగ్రీలు వస్తుంది. 30 మిల్లీఆంపియర్ల దగ్గర 58.5 కాస్తా 73.6 అవుతుంది. 66 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల ఆ భాజకం సున్నా అయి లెక్క అనంతానికి పోతుంది. నిజంలో అల్యూమినియం అంతకంటే ముందే కరిగి తెగిపోతుంది. అందుకే కరెంటు స్వీప్ చేసేటప్పుడు వోల్టేజ్ కంప్లయన్స్ లిమిట్ (వోల్టేజ్ ఇంతకి మించి పోకూడదన్న హద్దు) పెట్టకుండా స్టార్ట్ బటన్ నొక్కకండి. నొక్కితే స్ట్రక్చర్ మీద ఆశ వదులుకోవడమే.

కొలిచేముందు ఈ లెక్క ఎందుకంటే, మీకు ఒక అంచనా ఉంటుంది. కొలిచిన థర్మల్ రెసిస్టెన్స్ 500, 800 మధ్య వస్తే నమ్మవచ్చు. 150 వస్తే ఎక్కడో ఏదో తేడా ఉంది.

స్ట్రక్చర్ ఎలా ఉండాలి

కెల్విన్ స్ట్రక్చర్ తప్పనిసరి. రెండు ప్యాడ్ల ద్వారా కరెంటు, వేరే రెండు ప్యాడ్ల ద్వారా వోల్టేజ్. ప్రోబ్ సూది ప్యాడ్‌కి తగిలే చోట రెసిస్టెన్స్ ఒక ఓమ్ ఉండొచ్చు, మళ్ళీ దించితే రెండు ఓమ్‌లు ఉండొచ్చు. మన లైన్‌లో ఒక డిగ్రీ అంటే 0.35 ఓమ్‌లే. రెండు సూదులతో కొలిస్తే టెంపరేచర్ కొలుస్తున్నామో, సూది ఎంత గట్టిగా దిగిందో కొలుస్తున్నామో తెలియదు.

వోల్టేజ్ ట్యాప్‌లు ప్రాసెస్ అనుమతించే కనీస వెడల్పుతో గీయండి. ట్యాప్ వెడల్పుగా ఉంటే అక్కడినుంచి వేడి బయటికి పోతుంది. పొడవు విషయంలో పిసినారితనం వద్దు. లైన్ చివర్లు పెద్ద ప్యాడ్‌లకి కలుస్తాయి, ప్యాడ్‌లు చల్లగా ఉంటాయి, కాబట్టి చివర్లలో లైన్ కూడా చల్లగా ఉంటుంది. 1987లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన హ్యారీ షాఫ్ట్ ఈ చివరి ప్రభావాన్ని చక్కగా విశ్లేషించి పెట్టారు. మన మెట్1 లైన్‌కి ఆ చల్లదనం లోపలికి పాకే దూరం 5, 6 మైక్రాన్లు. 800 మైక్రాన్ల లైన్‌లో అది పట్టించుకోనక్కర్లేదు. 20 మైక్రాన్ల లైన్ అయితే మధ్యలో ఒక టెంపరేచర్, చివర్లలో ఒకటి. మీకు దొరికేది సగటు మాత్రమే, మెటల్ దెబ్బతినేది ఎక్కువ వేడి ఉన్న మధ్యలో.

పక్కన డమ్మీ ఫిల్ (ఖాళీ చోట్ల నింపే, కరెంటు పారని మెటల్ ముక్కలు) ఉందా లేదా అన్నది కూడా రాసి పెట్టుకోండి. ఫిల్ మెటల్ ముక్కలు వేడిని పంచుతాయి. ఫిల్ లేకుండా ఒంటరిగా నిలబడ్డ టెస్ట్ లైన్, నిజమైన చిప్‌లో కిక్కిరిసిన లైన్ల మధ్య ఉన్నది ఒకేలా చల్లబడవు. స్థలం ఉంటే రెండు రకాలూ పెట్టమని లేఅవుట్ టీమ్‌ని బతిమాలుకోండి. నేనైతే ప్రతి టెస్ట్ చిప్‌కీ బతిమాలుతాను.

టీసీఆర్ కొలవడం

ఈ భాగం సరిగా చేస్తే మిగతాదంతా నల్లేరు మీద నడక. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత లెక్కలు వేసినా బాగుపడదు.

టీసీఆర్ అంటే ఒక డిగ్రీకి రెసిస్టెన్స్ ఎంత వంతు మారుతుందన్నది. ‘మేడమ్, పుస్తకంలో 0.0039 అని ఉంది కదా, మళ్ళీ కొలవడం ఎందుకు?’ అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ అడుగుతారు. పుస్తకంలో ఉన్నది శుద్ధమైన, మందమైన లోహానికి. శుద్ధ అల్యూమినియం రెసిస్టివిటీ 2.65 మైక్రోఓమ్-సెంటీమీటర్లు. మన మెట్1కి షీట్ రెసిస్టెన్స్‌ని మందంతో గుణించి చూడండి, 4.5 వస్తుంది. అందులో టైటానియం, టైటానియం నైట్రైడ్ పొరలు ఉంటాయి, అల్యూమినియంలో కాపర్ కలిసి ఉంటుంది, స్ఫటికాలు చిన్నవి. వీటివల్ల పెరిగిన రెసిస్టెన్స్ టెంపరేచర్‌తో పెద్దగా మారదు. మారే భాగం అలాగే ఉండి మొత్తం పెరిగింది కాబట్టి ‘వంతు’ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మీ లైన్ మీదే కొలిచి తెలుసుకోవాలి.

కొలిచే కరెంటు ఎంత పెట్టాలి? ఎక్కువైతే లైన్ వేడెక్కుతుంది. తక్కువైతే వోల్టేజ్ మరీ చిన్నదై, సూదికీ ప్యాడ్‌కీ మధ్య టెంపరేచర్ తేడా వల్ల పుట్టే థర్మో వోల్టేజ్‌లు దాన్ని మింగేస్తాయి. 100 మైక్రోఆంపియర్లు పెడితే మన లైన్‌లో ఒక డిగ్రీకి 35 మైక్రోవోల్టులే తేడా. వేడి చక్ (చిప్‌ని ఉంచే పీఠం) మీద చల్లటి సూది ఆనితే 10, 20 మైక్రోవోల్టులు ఊరికే వచ్చేస్తాయి. 1 మిల్లీఆంపియర్ పెడితే డిగ్రీకి 350 మైక్రోవోల్టులు, స్వీయ వేడి 0.065 డిగ్రీలు. ఇదే సరైన చోటు. ఆ పైన కరెంటుని ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపి రెండు రీడింగ్‌ల సగటు తీసుకోండి, థర్మో వోల్టేజ్ కొట్టుకుపోతుంది. కీథ్లీ 2400 లాంటి సోర్స్ మీటర్లో ఫోర్ వైర్ మోడ్ ఆన్ చేసి ఇది హాయిగా చేసుకోవచ్చు. కరెంటు చాలినంత తక్కువో కాదో అనుమానం ఉంటే రెట్టింపు చేసి చూడండి. రెసిస్టెన్స్ కదలకపోతే సరే.

ఇక చక్ టెంపరేచర్లు: 30, 60, 90, 120, 150. అయిదు చాలు. టెంపరేచర్ మార్చే ముందు సూదులు పైకెత్తండి. చక్ వేడెక్కి ఉబ్బుతుంది, దించి ఉంచిన సూది ప్యాడ్ మీద గీసుకుంటూ జారుతుంది, ఒక్కోసారి పాసివేషన్ మీదకి ఎక్కి కూర్చుంటుంది. టెంపరేచర్ చేరాక మళ్ళీ ఫోకస్ చేసి, ప్యాడ్ మధ్యలో దించి, అల్యూమినియం ఆక్సైడ్ చీలేలా కొద్దిగా ముందుకి నొక్కండి. ఎంతసేపు ఆగాలని గడియారం చూడకండి, రెసిస్టెన్స్ చూడండి. రెండో దశాంశం దగ్గర అంకె కదలడం ఆగేదాకా ఆగండి. ఏసీ గాలి నేరుగా ప్రోబ్ స్టేషన్ మీద పడుతుంటే అది ఆగదు. మే నెల మధ్యాహ్నం ఏసీ కంప్రెసర్ ఆన్ ఆఫ్ అవుతున్న లయ నాకు రెసిస్టెన్స్ గ్రాఫ్‌లో కనిపించింది. మూత వేసే వీలుంటే మూత వేయండి, లేదా గాలి దారి మళ్ళించండి.

ఉదాహరణకి మీకు ఇలా వచ్చాయనుకుందాం: 30 దగ్గర 101.75 ఓమ్‌లు, 60 దగ్గర 112.25, 90 దగ్గర 122.75, 120 దగ్గర 133.25, 150 దగ్గర 143.75. ఎక్సెల్‌లో గీత వేస్తే వాలు డిగ్రీకి 0.35 ఓమ్‌లు. 25 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ 100. కాబట్టి 25 దగ్గర టీసీఆర్ 0.0035. ఇదే గీతని సున్నా డిగ్రీలకి పొడిగిస్తే రెసిస్టెన్స్ 91.25, టీసీఆర్ 0.00384. 100 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ 126.25, టీసీఆర్ 0.00277. చూశారా, గీత ఒకటే, అంకెలు మూడు. అందుకే ఏ టెంపరేచర్ దగ్గరో చెప్పకుండా టీసీఆర్ ఒక్కటే రాసిస్తే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. నా మాట వింటే టీసీఆర్ కంటే వాలునే దగ్గర పెట్టుకోండి. ఓమ్‌లలో తేడాని వాలుతో భాగిస్తే నేరుగా డిగ్రీలు వస్తాయి, గందరగోళం ఉండదు.

పైకి వెళ్ళాక అవే టెంపరేచర్ల మీదుగా కిందికి కూడా రండి. తిరిగి 30కి వచ్చినప్పుడు 101.75 రావాలి. తగ్గి వచ్చిందంటే వేడికి లోహంలో మార్పు జరిగింది. అల్యూమినియంలో కలిసిన కాపర్ విడిగా గడ్డకట్టడం, మళ్ళీ కరగడం వల్ల ఇలా అవుతుంది. 200 డిగ్రీలు దాటి వెళ్తే గీత కొంచెం వంగినట్టు కనిపించడానికి కూడా ఇదే కారణం. కొత్తగా ఎలక్ట్రోప్లేట్ చేసిన కాపర్ అయితే గది టెంపరేచర్లోనే గంటల్లో, రోజుల్లో స్ఫటికాలు పెరిగి రెసిస్టెన్స్ 20 శాతం దాకా పడిపోతుంది. ఫ్యాబ్‌లో అనీల్ చేసి (వేడిచేసి) దాన్ని ముందే స్థిరపరుస్తారు. మీ రెసిస్టెన్స్ తిరిగి రాకపోతే మరోసారి పైకీ కిందికీ తిప్పండి, స్థిరపడ్డాక వచ్చిన గీతని వాడండి.

ఇప్పుడు కరెంటు పెంచండి

చక్ 25 డిగ్రీల దగ్గర ఉంచి కరెంటుని 1 నుంచి 20 మిల్లీఆంపియర్ల దాకా మెట్లు మెట్లుగా పెంచండి. ప్రతి మెట్టు దగ్గర వోల్టేజ్ రాసుకోండి. లైన్ వేడెక్కడానికి పట్టేది మైక్రోసెకన్లే కాబట్టి మెట్టు మెట్టుకీ సెకను ఆగితే చాలు, కానీ ప్యాకేజీలో ఉన్న చిప్ అయితే మొత్తం చిప్ వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది, అప్పుడు ఓపిక పట్టాలి.

20 మిల్లీఆంపియర్ల దగ్గర 2.2 వోల్టులు వచ్చిందనుకోండి. రెసిస్టెన్స్ 110 ఓమ్‌లు. పెరిగింది 10 ఓమ్‌లు. 0.35తో భాగిస్తే 28.6 డిగ్రీలు. పవర్ 44 మిల్లీవాట్లు. వాట్‌కి 650 డిగ్రీలు. కాగితం మీద వేసిన లెక్కకి సరిపోయింది.

గ్రాఫ్ గీసేటప్పుడు రెసిస్టెన్స్‌ని కరెంటుకి ఎదురుగా కాకుండా పవర్‌కి ఎదురుగా గీయండి. కరెంటుకి ఎదురుగా గీస్తే వంపు తిరిగిన గీత వస్తుంది, అందులో తప్పు ఉన్నా కంటికి ఆనదు. పవర్‌కి ఎదురుగా గీస్తే తిన్నటి గీత రావాలి, వాలుని 0.35తో భాగిస్తే థర్మల్ రెసిస్టెన్స్, పవర్ సున్నా దగ్గర గీత తాకే చోటు వేడెక్కని అసలు రెసిస్టెన్స్. గీత ఎక్కడైనా పైకి వంగితే లైన్ పాడవడం మొదలైందని అనుమానించండి.

వెంటనే 1 మిల్లీఆంపియర్‌కి దిగి మళ్ళీ కొలవండి. ఈ ఒక్క కొలత దాటవేసేవాళ్ళు ఎక్కువ, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ముఖ్యం. వేడి వల్ల పెరిగిన రెసిస్టెన్స్ వేడి పోగానే పోతుంది. లోహం కదిలి ఖాళీ ఏర్పడితే పెరిగింది పోదు. 100.02 తిరిగి వస్తే మీరు కొలిచిందంతా వేడే. 100.6 వస్తే అందులో 0.6 ఓమ్‌ల నష్టం ఉంది, దాన్ని వేడి లెక్కలో వేస్తే ఒకటిన్నర డిగ్రీకి పైగా లేని వేడి కనిపిస్తుంది.

బ్లాక్ సమీకరణంలోకి వెళ్ళాక

ఇంత కష్టం దేనికో ఇక్కడ తెలుస్తుంది. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో రాసిన సమీకరణమే ఈనాటికీ ఎలక్ట్రోమైగ్రేషన్ ఆయుష్షు లెక్కకి ఆధారం. కరెంటు సాంద్రత పెరిగితే ఆయుష్షు ఒక ఘాతంలో (దాన్నే కరెంట్ ఎక్స్‌పోనెంట్ అంటాం) తగ్గుతుంది, టెంపరేచర్ పెరిగితే ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుతుంది. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి పెట్టి లైన్లని త్వరగా చంపి, ఆ లెక్కని మామూలు వాడకానికి పొడిగిస్తాం.

మన లైన్లని 250 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ఒక గుంపుకి 10, ఇంకో గుంపుకి 20 మిల్లీఆంపియర్లు ఇచ్చామనుకోండి. 250 దగ్గర లైన్ రెసిస్టెన్స్ ఇప్పటికే 179 ఓమ్‌లు, కాబట్టి స్వీయ వేడి కూడా ఎక్కువ. 10 గుంపు నిజానికి 262 డిగ్రీల దగ్గర ఉంటుంది, 20 గుంపు 301 దగ్గర. టెంపరేచర్ ప్రభావం ఎంతో చెప్పే యాక్టివేషన్ ఎనర్జీ 0.7 ఎలక్ట్రాన్ వోల్ట్, కరెంట్ ఎక్స్‌పోనెంట్ నిజంగా 2 అనుకుందాం. కరెంటు రెట్టింపైనందుకు ఆయుష్షు 4 రెట్లు తగ్గాలి. ఆ 39 డిగ్రీల తేడా వల్ల ఇంకో 2.8 రెట్లు తగ్గుతుంది. మొత్తం 11 రెట్లకి పైమాటే. రెండు గుంపులూ 250 దగ్గరే ఉన్నాయని నమ్మినవాళ్ళు ఈ 11 రెట్లనీ కరెంటు ఖాతాలో వేస్తారు. అప్పుడు ఎక్స్‌పోనెంట్ 2 కాదు, 3.5 అని వస్తుంది.

3.5 పెట్టుకుని 10 నుంచి 1 మిల్లీఆంపియర్‌కి పొడిగిస్తే ఆయుష్షు 3,162 రెట్లు పెరుగుతుందని లెక్క తేలుతుంది. నిజం 100 రెట్లు. ముప్ఫై రెట్లు ఎక్కువ ఆయుష్షు చూపించాం. ఓవెన్ టెంపరేచర్ నమ్మడం భద్రం వైపే కదా, లైన్ ఇంకా వేడిగా ఉండి ముందే చస్తుంది కదా అని కొందరు వాదిస్తారు. ఆ వైపు వచ్చే లాభం 1.4 రెట్లు. నష్టం 30 రెట్లు. కార్లలో, పేస్‌మేకర్లలో పెట్టే చిప్‌ల విషయంలో ఈ లెక్క తలకిందులు కావడం నాకు నిద్రపట్టనివ్వని విషయం.

సరిచేయడం సులువే. రెండు గుంపుల ఓవెన్ ఒకేలా పెట్టకండి, రెండు గుంపుల లైన్ టెంపరేచర్ ఒకేలా పెట్టండి. లైన్ 262 దగ్గర ఉండాలంటే రెసిస్టెన్స్ 183 ఓమ్‌లు చూపాలి. 20 మిల్లీఆంపియర్లకి 183 ఓమ్‌ల దగ్గర పవర్ 73 మిల్లీవాట్లు, వేడి 48 డిగ్రీలు, అంటే ఓవెన్ 214 దగ్గర పెట్టాలి. 10 గుంపుకి 250. ఇప్పుడు రెండు గుంపుల్లోనూ మీటర్ 183 చూపుతుంది. లైన్ వెడల్పులో చిన్న చిన్న తేడాలు ఉంటాయి కాబట్టి ప్రతి శాంపిల్‌కీ దాని సొంత తొలి రెసిస్టెన్స్ వాడండి, గుంపు సగటు కాదు. ఫెయిల్యూర్‌కి 10 శాతం పెరుగుదల గీత పెట్టుకుంటే, ఆ 10 శాతం లైన్ వేడెక్కి స్థిరపడ్డాక వచ్చిన రెసిస్టెన్స్ మీద లెక్కించండి, కరెంటు ఇవ్వకముందు ఉన్నదాని మీద కాదు.

పల్స్‌లు వస్తే

డిజైన్ వాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడ. ఎలక్ట్రోమైగ్రేషన్ సగటు కరెంటుని చూస్తుంది, వేడి ఆర్‌ఎంఎస్ కరెంటుని (కరెంటు వర్గాల సగటుకి వర్గమూలం) చూస్తుంది. 20 మిల్లీఆంపియర్ల పల్స్ పది శాతం సమయమే ఉంటే సగటు 2, ఆర్‌ఎంఎస్ 6.3. అటూ ఇటూ తిరిగే సిగ్నల్ లైన్‌లో సగటు సున్నా కావచ్చు, వేడి మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆ లైన్ తనకేమీ కాకపోయినా పక్కనున్న పవర్ లైన్‌ని వేడి చేసి దాని ఆయుష్షు తింటుంది. అందుకే డిజైన్ రూల్స్‌లో ఆర్‌ఎంఎస్ లిమిట్ విడిగా ఇస్తారు, చాలా చోట్ల 5 డిగ్రీల పెరుగుదల దాటకుండా. 1976లో ఇలాన్ బ్లెక్ చూపించినట్టు చిన్న లైన్లలో ఎలక్ట్రోమైగ్రేషన్ ఆగిపోవచ్చు. ఆ మినహాయింపు వేడికి వర్తించదు.

ఆర్‌ఎంఎస్ వాడటానికి ఒక షరతు ఉంది. పల్స్‌లు లైన్ చల్లబడే సమయం కంటే వేగంగా రావాలి. 1.38 మైక్రాన్ల ఆక్సైడ్‌కి ఆ సమయం సుమారు రెండు మైక్రోసెకన్లు. పదుల మెగాహెర్ట్జ్‌లలో ఆర్‌ఎంఎస్ సరిపోతుంది. మోటార్ డ్రైవర్ చిప్‌లో మిల్లీసెకన్ల పల్స్ వస్తే లైన్ ప్రతి పల్స్‌కీ పూర్తిగా వేడెక్కి చల్లబడుతుంది, అక్కడ పీక్ కరెంటుతోనే లెక్క వేయండి.

పై లేయర్లు, సన్నని కాపర్

పైకి వెళ్ళేకొద్దీ సిలికాన్ దూరమవుతుంది. 5 మైక్రాన్ల వెడల్పు, 800 మైక్రాన్ల పొడవు లైన్‌కి మెట్1లో వాట్‌కి 231 డిగ్రీలు వస్తే, 5.37 మైక్రాన్ల ఎత్తున ఉన్న మెట్5లో 575. మెట్5 మందం ఎక్కువ, రెసిస్టెన్స్ తక్కువ, కాబట్టి అదే కరెంటుకి తక్కువే వేడెక్కుతుంది. కానీ పవర్ గ్రిడ్ మొత్తం అక్కడే వేస్తారు, కరెంటు అంతా అక్కడే పారుతుంది.

అడ్వాన్స్‌డ్ నోడ్‌ల కాపర్ మీద పనిచేసేవాళ్ళకి రెండు మాటలు. ఐబీఎం 1997లో కాపర్ ప్రకటించిన రోజుల్లో లైన్లు వెడల్పు, చుట్టూ ఆక్సైడ్. ఇప్పటి లో-కె పదార్థాల (ఆక్సైడ్ బదులు వాడే ఇన్సులేటర్ల) ఉష్ణవాహకత 0.2 నుంచి 0.5 మధ్య, అంటే వేడి దిగడం రెండున్నర నుంచి ఆరు రెట్లు కష్టం. పైగా గది టెంపరేచర్లో కాపర్‌లో ఎలక్ట్రాన్ ఢీకొనకుండా వెళ్ళే దూరం సుమారు 39 నానోమీటర్లు; లైన్ వెడల్పు ఆ కొలతకి, అంతకంటే కిందకి దిగితే ఎలక్ట్రాన్లు గోడలకీ స్ఫటికాల అంచులకీ కొట్టుకుని రెసిస్టివిటీ బాగా పెరుగుతుంది, టీసీఆర్ పడిపోతుంది. మీ లైన్ నిజమైన టీసీఆర్ 0.0025 అయి ఉండగా పుస్తకంలోని 0.0039 వాడితే, రెసిస్టెన్స్ 10 శాతం పెరిగినప్పుడు 26 డిగ్రీలే వేడెక్కిందని రాస్తారు. నిజంగా వేడెక్కింది 40. ప్రతి వెడల్పుకీ టీసీఆర్ విడిగా కొలవండి. ఒక వెడల్పుది ఇంకోదానికి వాడొద్దు.

రిపోర్టు రాసేటప్పుడు ఓవెన్ టెంపరేచర్, లైన్ టెంపరేచర్ రెండు గడుల్లో విడివిడిగా పెట్టండి. వాలు ఓమ్‌లలో, టీసీఆర్ ఏ టెంపరేచర్ దగ్గరో చెప్పి, కొలిచిన కరెంటు ఎంతో చెప్పి రాయండి. స్వీప్ ముందు, తర్వాత 1 మిల్లీఆంపియర్ రీడింగ్‌లు రెండూ ఇవ్వండి. లైన్ పక్కన ఫిల్ ఎలా ఉందో తెలిసేలా లేఅవుట్ స్క్రీన్‌షాట్ ఒకటి జతచేయండి.